గేర్ నాబ్ నేనే మార్చుకున్నాను

మా పాత కారు గేర్ నాబ్ ఎండకు పగిలి అరచేతికి గుచ్చుకునేది. తిప్పితే ఊడలేదు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, గుడ్డ చుట్టి ఎడమవైపు తిప్పాక కదిలింది. రాడ్ మీద ఎండిన జిగురును వైర్ బ్రష్‌తో గోకేశాను.

అసలు టెన్షన్ రాడ్ మీది మర (స్క్రూ చుట్లు) దగ్గరే. కొత్త నాబ్ రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోయింది. బలవంతం చేస్తే రాడ్ మర చెడిపోతుందని వెంటనే ఆపేశాను. హార్డ్‌వేర్ షాపు నుంచి నట్లు తెచ్చి ఎక్కించి చూస్తే తేలింది: రాడ్ 10 మి.మీ., పిచ్ (మరలో ఒక చుట్టు నుంచి తర్వాతి చుట్టుకు ఉన్న దూరం) 1.25 మి.మీ. నేను కొన్నది 1.5. దయచేసి కొనేముందే ఇలా చూసుకోండి.

మార్చి తెచ్చిన నాబ్ చేత్తోనే చివరిదాకా ఎక్కింది కానీ గేర్ల బొమ్మ పక్కకు తిరిగింది. నాబ్ తీసి, రాడ్‌కు ముందు ఒక నట్టు ఎక్కించి, మళ్లీ నాబ్ పెట్టి బొమ్మను సరిచేసి, నట్టును పైకి బిగించాను. ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి రివర్స్‌తో సహా అన్ని గేర్లూ వేసి చూశాను. చేతికి ఎంత హాయిగా ఉందో!