షుగర్ ఉన్నవాళ్లకు పాదాల పరీక్ష: వరంగల్, హనుమకొండ వాసులు ఎలా నమోదు కావాలి?

దీనికోసం మీసేవ చుట్టూ తిరగాల్సిన పని లేదు, ఫీజూ లేదు. షుగర్, బీపీల కోసం ప్రభుత్వం నడిపే ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) కార్యక్రమంలో పేరు ఎక్కించుకోవడమే దరఖాస్తు. ఊళ్లో అయితే పల్లె దవాఖాన, పట్నంలో బస్తీ దవాఖాన, లేదంటే దగ్గరి పీహెచ్‌సీకి వెళ్లాలి. 30 ఏళ్లు దాటినవాళ్ల వివరాలు ఆశా కార్యకర్తలు ఇంటికొచ్చి రాసుకుంటారు కాబట్టి మీ పేరు ఇప్పటికే ఉండొచ్చు. ముందు వాళ్లనే అడగండి.

ఆధార్, పాత ఓపీ చీటీలు, వాడుతున్న మందులు వెంట తీసుకెళ్లండి. ఆధార్‌కు లింకైన ఫోన్ కూడా కావాలి, ఎందుకంటే 14 అంకెల అభా (ఆరోగ్య ఖాతా) నంబరు తీయాలంటే దానికి ఓటీపీ వస్తుంది. ఆ నంబరు హైదరాబాద్‌లో ఉన్న కొడుకుదైతే, అతను ఫోన్ ఎత్తే టైం చూసుకుని వెళ్లండి. అభా తప్పనిసరేం కాదు, లేకపోయినా చూపించుకోవచ్చు. దాన్ని ఆరోగ్యశ్రీ కార్డు అనుకునేవాళ్లు చాలామంది. అది మీ వైద్య రికార్డుల నంబరు, అంతే. ఆపరేషన్ ఖర్చు దాంతో రాదు.

ఆశా నింపే సీబ్యాక్ ఫారంలో (జబ్బుల ముప్పు అంచనా వేసే ప్రశ్నల పత్రం) పొగాకు, నడుము కొలత, ఇంట్లో షుగర్ ఎవరికైనా ఉందా వంటివి ఉంటాయి. స్కోరు 4 దాటితే ముందుగా పరీక్షకు పిలుస్తారు. అరికాళ్ల తిమ్మిర్ల గురించి, మళ్లీ మళ్లీ లేచే పుండ్ల గురించి కూడా అడుగుతారు. అవి కుష్ఠును పసిగట్టడానికి పెట్టిన ప్రశ్నలే అయినా, షుగర్ మనిషి "ఏం లేదమ్మా" అని దాటేయడం మంచిది కాదు.

పేరు ఎక్కాక వేలికి సూది గుచ్చి షుగర్ చూస్తారు. చాలామంది అక్కడితో లేచి వచ్చేస్తారు. పాదాలు కూడా చూడమని నోరు తెరిచి అడగండి.

నర్సు పాదాలను ఇలా చూస్తారు. మీరు కళ్లు మూసుకుంటే, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారాన్ని అరికాలి మీద అక్కడక్కడ ఆనించి, తగిలిందా అని అడుగుతారు. పాదం పైన, చీలమండ వెనక నాడి పట్టి చూస్తారు. దారం లేకపోతే రెండు కాళ్లలోనూ బొటనవేలు, నడిమి వేలు, చిటికెనవేలు మెల్లగా తాకుతారు. ఆరింటిలో రెండు తెలియకపోయినా స్పర్శ పోతోందని లెక్క.

ఈ పనిలో నర్సుకు సాయపడే సాఫ్ట్‌వేర్ ఉంటే, అది ఒక్క ప్రశ్నా వదిలేయకుండా వరసగా అడిగించి, పాదానికి పుండు పడే ప్రమాద స్థాయి తేలుస్తుంది. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం స్థాయి 0 అయితే ఏడాదికోసారి, 1 అయితే 6 నుంచి 12 నెలలకు, 2 అయితే 3 నుంచి 6 నెలలకు, 3 అయితే 1 నుంచి 3 నెలలకు మళ్లీ చూడాలి. లెక్క దానిది, సమాచారం మాత్రం మీదే. స్పర్శ తగ్గిన కాలికి ఎప్పుడో పుండు పడి మానిందంటే స్థాయి 3లోకి వస్తుంది. ఆ పాత పుండు మాట చెప్పకపోతే తక్కువ స్థాయి చూపించి ఆలస్యంగా రమ్మంటుంది. ఆనెలు, పగుళ్లు, చెప్పుల్లేకుండా పొలంలో తిరగడం, అన్నీ చెప్పండి. ఫొటో తీస్తామంటే ఎందుకో, ఎవరు చూస్తారో అడిగే హక్కు మీకుంది. మళ్లీ రావాల్సిన తేదీ ఓపీ చీటీ మీద రాయించుకోండి.

పాదం నల్లబడినా, వాసన వస్తున్నా, పుండుతోపాటు జ్వరం ఉన్నా ఈ నమోదు కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి.