కొండ సరస్సులో పడిన ట్రౌట్ ఏ రకమో కనిపెట్టడం ఎలా? మరి కండ రంగు సంగతేంటి?

కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల మీద ఏ సరస్సు గట్టున గాలం వేసుకుని నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది: "కోసి చూడు, లోపల ఎర్రగా ఉంటే గోల్డెన్, తెల్లగా ఉంటే రెయిన్‌బో." రెండూ ట్రౌట్ చేపలో రకాలే. పక్కనున్నాయన "కాదు కాదు, ఎర్రగా ఉంటే సాల్మనే" అంటాడు. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి వీకెండ్‌కి వచ్చే మనవాళ్లు కూడా ఇదే నమ్మి వాట్సాప్ గ్రూపుల్లో "సాల్మన్ పడింది" అని ఫొటోలు పెట్టేస్తున్నారు. ఇద్దరు చెప్పిందీ తప్పే. చేప ఏ రకమో దాని తోలు మీద మచ్చలు, రెక్కలు, నోరు చెబుతాయి. కండ రంగును బట్టి తెలిసేది అది ఏం తిని పెరిగింది, ఏ కాలంలో మన చేతికి చిక్కింది అన్నదే. అందుకే ముందు బయటంతా చూడండి, కత్తి తర్వాత.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. చేపలు పట్టే లైసెన్సు (16 ఏళ్లు నిండిన ప్రతివాళ్లకీ ఉండాలి), రబ్బరు వల, చిన్న పదునైన కత్తి, ఒక తెల్ల ప్లేటు, ఫోను. నైలాన్ వల వద్దు, రెక్కలు చీరేస్తుంది. చేప నీళ్లలో ఉండగానే, చేతులు తడిపి పట్టుకుని, నీడలో రెండు ఫొటోలు తీయండి. ఒకటి పక్క భాగం మొత్తం, రెండోది గొంతు కింద. రెండోది ఎవరూ తీయరు, అసలు అవసరమయ్యేది అదే. చేపని తాడుకి గుచ్చి గంటసేపు నీళ్లలో వేలాడదీసి, తర్వాత తీరిగ్గా చూద్దాం అనుకుంటే లాభం లేదు. చచ్చిన చేప రంగులు మసకబారి, లేని మరకలు కూడా వస్తాయి.

ఇప్పుడు మచ్చలు. ముదురు ఒంటి మీద లేత మచ్చలా, లేత ఒంటి మీద నల్ల మచ్చలా? సగం పని ఇక్కడే అయిపోతుంది.

లేత మచ్చలైతే చాలావరకు బ్రూక్ ట్రౌట్. వీపు మీద పురుగులు పాకినట్టు వంకర గీతలు, పక్కల నీలం వలయాల్లో చిన్న ఎర్ర చుక్కలు, కింది రెక్కల అంచున తెల్ల గీత, దాని వెంటే నల్ల గీత. ఇంత స్పష్టంగా కనిపించే చేపని తప్పు చెప్పడం కష్టమే, అయినా చెబుతూనే ఉంటారు. నిజానికి ఇది ట్రౌట్ కూడా కాదు, దానికి దగ్గర చుట్టమైన చార్ అనే జాతి, అమెరికా తూర్పు వైపు నుంచి తెచ్చి వదిలింది. బాగా ఎత్తునున్న సరస్సుల్లో ఇవి పిల్లల్ని పెట్టి పెట్టి, తిండి చాలక, పెద్ద తలకాయ, సన్నటి ఒళ్లుతో ఉంటాయి. టాహో లాంటి లోతైన సరస్సులో, బూడిద రంగు ఒంటి మీద లేత మచ్చలు, బాగా చీలిన తోక ఉంటే అది లేక్ ట్రౌట్.

నల్ల మచ్చలతో పాటు, లేత వలయం చుట్టిన ఎర్ర చుక్కలు కూడా ఉండి, తోక మీద మచ్చలు దాదాపు లేకపోతే బ్రౌన్ ట్రౌట్. 1883లో యూరప్ నుంచి అమెరికాకి వచ్చింది. దీని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

అసలు తలనొప్పి మిగిలిన మూడింటితో: రెయిన్‌బో, కట్‌త్రోట్, గోల్డెన్. మూడూ ఒకే కుటుంబం, మూడింటికీ నల్ల మచ్చలే, పైగా ఒకదానితో ఒకటి కలిసి పిల్లల్ని కంటాయి. ఇక్కడ తొందరపడితే మొత్తం తప్పుతుంది, కాబట్టి నెమ్మదిగా చూడండి.

మొదట గొంతు. కింది దవడ కింద, రెండు పక్కలా ఎర్రటి లేదా నారింజ గీత కోసినట్టు కనిపిస్తే కట్‌త్రోట్ కావచ్చు. కావచ్చు అనే అంటున్నాను, ఎందుకంటే కొన్ని రెయిన్‌బోలకీ అక్కడ లేత నారింజ చాయ ఉంటుంది. అందుకే గీత ఒక్కటే చూసి ఆగకండి. పై దవడ ఎముక కన్ను దాటి వెనక్కి పోయిందా చూడండి, కట్‌త్రోట్‌కి పోతుంది, రెయిన్‌బోకి కన్ను చివరి దాకా వచ్చి ఆగుతుంది. ఇంకా అనుమానముంటే, ఇంటికి తీసుకెళ్లదలచుకున్న చేపకి మాత్రమే, నోట్లో వేలు పెట్టి నాలుక వెనకాల, మొప్పల మధ్య తడమండి. గరుకుగా సన్నటి పళ్లు తగిలితే కట్‌త్రోట్. రెయిన్‌బోకి అక్కడ పళ్లుండవు. గీత ఉండి పళ్లు లేకపోతే, లేదా పళ్లు ఉండి గీత మరీ మసగ్గా ఉంటే, రెండూ కలిసిన కట్‌బో అయ్యుండొచ్చు.

ఇదంతా తెలివి చూపించుకోవడానికి కాదు. లహోంటన్ కట్‌త్రోట్ 1975 నుంచీ అమెరికా సమాఖ్య ప్రభుత్వ జాబితాలో ముప్పున్న జాతి, దాన్ని పట్టుకునే రూల్స్ ఒక్కో సరస్సుకి ఒక్కోలా ఉంటాయి. "రెయిన్‌బో అనుకున్నానండీ" అంటే తనిఖీకి వచ్చే వార్డెన్ వినడు. గొంతు కింద గీత కనిపించి, ఆ సరస్సు రూల్ మీకు తెలియకపోతే వదిలేయండి, అంతే, రెండో ఆలోచన వద్దు.

ఇక గోల్డెన్. అందరూ చేసే తప్పు ఒకటుంది, పక్కల నిలువుగా ఉండే కోడిగుడ్డు ఆకారపు ముదురు మచ్చలు చూడగానే గోల్డెన్ అనేస్తారు. వాటిని పార్ మార్క్స్ అంటారు, ప్రతి ట్రౌట్ పిల్లకీ ఉంటాయి. గోల్డెన్‌కి పెద్దయ్యాక కూడా, పక్కకి పదికి అటూ ఇటూగా, మిగిలిపోతాయి, ఆ మాట నిజమే. కానీ చల్లటి పై సరస్సుల్లో పెరగని బుల్లి రెయిన్‌బోలకీ మిగిలిపోతాయి. కాబట్టి ఆ ఆకారాలు కాదు, నల్ల మచ్చలు ఎక్కడున్నాయో చూడండి. గోల్డెన్‌కి పెద్ద మచ్చలు తోక వైపు గుంపుగా ఉంటాయి, ముందు సగంలో, ముఖ్యంగా పక్కన తల నుంచి తోక దాకా సాగే సన్నటి గీతకి కింద, చాలా తక్కువ. పొట్ట పొడుగునా ఎరుపు, పక్కలు బంగారు పసుపు, వీపు రెక్క కొస తెల్లగానో నారింజగానో ఉంటుంది. తల మీద, ముందు భాగమంతా మచ్చలు చల్లినట్టుండి, రంగు మాత్రం బంగారంలా ఉంటే అందులో రెయిన్‌బో రక్తం కలిసినట్టే. దాన్ని గోల్డెన్ అని ఒట్టేసి చెప్పకండి, జన్యు పరీక్ష లేకుండా ఎవరూ చెప్పలేరు. మచ్చలు ఒళ్లంతా, తోక మీద వరసలుగా, పక్కన గులాబీ పట్టీ ఉంటే మామూలు రెయిన్‌బో. సరస్సులో పెరిగిన రెయిన్‌బో వెండిలా మెరిసి ఆ పట్టీ దాదాపు మాయమవుతుంది, పట్టీ లేదని కంగారు పడొద్దు.

"ఈ లేక్‌లో అన్నీ గోల్డెన్లేనట" అన్న మాట కూడా నమ్మకండి. ఈ కొండల్లో ఆరు వేల అడుగులు దాటాక చాలా సరస్సుల్లో ఒకప్పుడు అసలు చేపలే లేవు, ఇప్పుడు వాటిలో ఉన్నవన్నీ మనుషులు మోసుకొచ్చి వదిలినవే. గోల్డెన్ సొంత ఊరు కెర్న్ నది పై పాయలు. 1876లో కొన్నింటిని కాఫీ కుండలో వేసుకుని కాటన్‌వుడ్ వాగులోకి తెచ్చారు, అక్కడి నుంచి మిగతా చోట్లకి పాకాయి. తర్వాత గాడిదల మీద, విమానాల్లోంచి ఏ రకం ఎక్కడ వదిలారో అక్కడ అది ఉంది. సరస్సు పేరు విని కాదు, చేపని చూసి చెప్పాలి. ఇలా వదిలిన చేపల వల్ల అక్కడి పసుపు కాళ్ల కప్పలు దెబ్బతిన్నాయని, సెకోయా, కింగ్స్ కాన్యన్ పార్కుల్లో కొన్ని సరస్సుల నుంచి ట్రౌట్‌ని వలలేసి తీసేస్తున్నారు కూడా. కాబట్టి ఒక సరస్సు చేపని ఇంకో సరస్సులో వదిలే సరదా అస్సలు వద్దు.

రకం తేలాకే కత్తి. పొట్ట చీల్చి, రక్తం కడిగేసి, వెన్నుముల్లు పక్కన వీపు కండని ఎండ వెలుగులో చూడండి. పొట్ట పొరని చూసి రంగు చెప్పొద్దు, టార్చ్ వెలుగులో అసలొద్దు. కండకి నారింజ, గులాబీ రంగునిచ్చేది అస్టాజాంతిన్ అనే పదార్థం. ట్రౌట్ దాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు, తిండిలోంచి రావాల్సిందే. రొయ్య ఉడికితే ఎర్రబడేది కూడా దీనివల్లే. సరస్సు అడుగున చిన్న రొయ్యల్లాంటి స్కడ్‌లు, నీళ్లలో డాఫ్నియా అనే నలకంత జీవులు దండిగా ఉంటే ఏ రకం ట్రౌట్ కండైనా ఎర్రబడుతుంది. ఎక్కువగా పురుగులూ దోమలూ తిని బతికే చోట తెల్లగానో లేత పసుపుగానో ఉండిపోతుంది. అందుకే ఒకే రోజు రెండు సరస్సుల్లో పట్టిన ఒకే సైజు బ్రూక్ ట్రౌట్లు లోపల వేరు వేరుగా ఉంటాయి.

తెల్ల ప్లేటు ఇప్పుడు తీయండి. పొట్ట సంచి కోసి, కొంచెం నీళ్లు పోసి, లోపలిది పరచండి. కాళ్లున్న చిన్న వంకర జీవులు, నారింజ రంగు ముద్ద కనిపిస్తే కండ ఎందుకలా ఉందో అర్థమైపోతుంది. ఎర్ర కండ చూసి సరస్సులో సహజంగా పెరిగిన చేపే అని తీర్మానించకండి, కొన్ని హేచరీల్లో (చేపపిల్లల్ని పెంచే కేంద్రాల్లో) మేతలోనే ఈ రంగు కలుపుతారు. ఈ కొండల తూర్పు అంచున పోయే 395 హైవే పక్క సరస్సుల్లో ఈ మధ్యే వదిలిన రెయిన్‌బో అయితే మామూలుగా కండ తెల్లగా, రెక్కలు అరిగి ఉంటాయి. ఇంకొకటి, గుడ్లు పెట్టే కాలంలో ఆ రంగు చాలావరకు కండలోంచి తోలుకీ గుడ్లకీ పోతుంది. బ్రూక్, బ్రౌన్ శరదృతువులో, మిగతా మూడూ వసంతం నుంచి వేసవి మొదటి దాకా గుడ్లు పెడతాయి కాబట్టి, బయట ధగధగలాడే అక్టోబరు బ్రూక్ లోపల పాలిపోయి ఉంటే అది జబ్బు కాదు.

పచ్చిగా తినే సాహసం వద్దు, మంచినీటి చేపల్లో బద్దెపురుగులు ఉండొచ్చు. పేగులు గట్టు మీద వదిలేస్తే ఎలుగుబంటి వస్తుంది. ఎర్ర కండ చేపని తోలుతోనే ఉప్పు, మిరియాలు, వెన్నతో పెనం మీద వేయించాలి, చింతపండు పులుసులో ముంచకూడదు. తెల్ల కండ హేచరీ రెయిన్‌బో ఉందే, దానికి మాత్రం పులుసే గతి, కారం దండిగా వేయండి.