కారు అప్పు, నెల వాయిదా – మూడో పాఠం: పట్టిక చదవడం, తేదీ కాచుకోవడం

కాజీపేటలో మా వీధిలో ఉండే ఒక రైల్వే ఉద్యోగి గత వారం చేతిలో రెండు కాగితాలతో మా ఇంటికి వచ్చారు. ఆయన కారు కొని ఏడాదైంది. ఒక్క నెల కూడా వాయిదా తప్పలేదు. "సార్, ఏడాదిలో లక్షా యాభై ఒక్క వేలు కట్టాను. అప్పు చూస్తే తొంభై ఎనిమిది వేలే తగ్గింది. మిగతా యాభై మూడు వేలు ఏమైనట్టు?" అని అడిగారు. ఆయన గొంతులో కోపం కన్నా దిగులే ఎక్కువగా వినిపించింది.

బ్యాంకు ఆయనను మోసం చేయలేదు. లెక్క సరిగ్గానే ఉంది. ఆ లెక్క ఎలా నడుస్తుందో ఆయనకు కూర్చోబెట్టి చెప్పినవారే లేరు. ఈ పాఠంలో ఆ పని చేద్దాం. ఒక పెన్ను, తెల్లకాగితం, ఫోనులోని క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. చదివి వదిలేస్తే ఇది వంటబట్టదు, చేత్తో చేయాలి.

రెండో పాఠంలో చూసిన ఒక్క సంగతి గుర్తు చేస్తాను. 6,00,000 రూపాయల అప్పును 5 ఏళ్లలో తీర్చాలనుకోండి. తగ్గుతున్న అసలు మీద 9.5 శాతం వడ్డీ అయితే నెల వాయిదా 12,601 రూపాయలు. అదే అప్పును "6 శాతమే" అంటూ ఫ్లాట్ వడ్డీకి (అసలు తగ్గుతున్నా మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా లెక్కించే వడ్డీకి) ఇస్తే వాయిదా 13,000 రూపాయలు. చిన్న అంకె చెప్పినవారి దగ్గరే ఎక్కువ కట్టాల్సి వచ్చింది. ఈ తేడా ఇంకా పట్టుబడనివారు రెండో పాఠం మళ్లీ చేసి రండి. ఈ రోజు లెక్కంతా 9.5 శాతం అప్పు మీదే.

మన లెక్కలో బ్యాంకు వడ్డీ

మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో చెప్పుకోరు. నూటికి రూపాయిన్నర, నూటికి రెండు రూపాయలు అంటారు. అది నెలకు. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు చెప్పే 9.5 శాతాన్ని 12తో భాగిస్తే నూటికి నెలకు దాదాపు 79 పైసలు, అంటే ముప్పావలా మీద నాలుగు పైసలు. పట్టిక మొత్తం ఈ 79 పైసల మీదే నడుస్తుంది.

ఇప్పుడు సూత్రం. మిగిలిన అసలును వడ్డీ శాతంతో గుణించి 1200తో భాగించండి. వచ్చినది ఆ నెల వడ్డీ. వాయిదాలో నుంచి ఆ వడ్డీని తీసేయండి. మిగిలినదే మీ అసలుకు జమ అవుతుంది.

మొదటి నెల: 6,00,000 ను 9.5తో గుణించి 1200తో భాగిస్తే 4,750. మీరు కట్టిన 12,601లో 4,750 వడ్డీకి పోగా 7,851 అసలుకు చేరింది. మిగిలిన అప్పు 5,92,149.

రెండో నెల: 5,92,149 మీద వడ్డీ 4,688. అసలుకు 7,913. మిగిలినది 5,84,236.

మూడో నెల: వడ్డీ 4,625. అసలుకు 7,976. మిగిలినది 5,76,260.

ఇక్కడ కాసేపు ఆగి ఆ మూడు వరుసలనూ పైనుంచి కిందికి చూడండి. వాయిదా మారలేదు. వడ్డీ నెలకు అరవై రూపాయల చొప్పున తగ్గుతోంది, అసలుకు చేరేది అంతే పెరుగుతోంది. ఇలా నడిచి నడిచి అరవయ్యో వాయిదాకు వచ్చేసరికి వడ్డీ 99 రూపాయలే, తక్కినదంతా అసలు. అంటే వడ్డీ బరువంతా మొదటి ఏళ్ల మీదే పడుతుంది. ఏడాది తిరిగేసరికి మొత్తం 1,51,212 కడితే అసలు తగ్గేది 98,424 మాత్రమే, మిగిలే అప్పు 5,01,576. సరిగ్గా సగం వాయిదాలు, అంటే ముప్పై కట్టాక కూడా దాదాపు 3,35,320 మిగిలి ఉంటుంది. సగం దారి నడిచినా సగం అప్పు తీరదు. మా రైల్వే మిత్రుడు ఈ వరుసలు తన చేత్తో వేసుకున్నాక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు, దిగులు కొంత తగ్గింది.

ఈ పట్టికను మీరు అడుక్కోవలసిన పని లేదు. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వ్యక్తులకు ఇచ్చే అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇచ్చి తీరాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది వడ్డీ రేటు, ఛార్జీలు, వాయిదాల పట్టిక అందులో ఉండాలి. సంతకం చేసే ముందే అది చేతికి రావాలి. అంతకు ముందు తీసుకున్న అప్పయినా పట్టిక కావాలని బ్రాంచిలో అడిగితే ఇస్తారు. తెచ్చుకుని మొదటి మూడు వరుసలు పైసూత్రంతో సరిచూడండి. రూపాయి అటూఇటూ తేడా వస్తే పట్టించుకోకండి. వందల్లో తేడా వస్తే అడగండి.

ఏళ్లు పెంచుకుంటే వాయిదా తేలికవుతుందని షోరూములో చెబుతారు. తేలికయ్యే మాట నిజమే. ఇదే అప్పును 7 ఏళ్లకు పెడితే వాయిదా 9,806కు దిగుతుంది. మొత్తం వడ్డీ మాత్రం 1,56,000 నుంచి 2,23,700 దాటుతుంది. కారు పాతబడేది ఒక వేగంతో, అప్పు తరిగేది మరో వేగంతో. అయిదేళ్లకు మించవద్దనే నా సలహా. అయిదేళ్ల వాయిదా మోయలేమనిపిస్తే చిన్న కారు చూడండి.

తేదీ కాచుకోవడం

నేను దెబ్బతిన్న చోటు ఇది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఇప్పుడు వాయిదా కట్టడానికి ఎవరూ బ్యాంకుకు వెళ్లడం లేదు. అప్పు తీసుకునేటప్పుడే నాచ్ అనుమతి మీద సంతకం చేస్తాం. నెలనెలా ఆ తేదీకి మన ఖాతాలోంచి డబ్బు దానంతట అదే వెళ్తుంది. మా వాయిదా తేదీ 5. 2021 సెప్టెంబరు 5 ఆదివారం వచ్చింది. ఖాతాలో తొమ్మిది వేలు ఉన్నాయి, ఇంకో నాలుగు వేలు వేయాలి. ఆదివారం బ్యాంకు సెలవు కదా, సోమవారం పొద్దున వేస్తే సరిపోతుందిలే అనుకున్నాను. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి నాచ్ వారంలో ఏడు రోజులూ పనిచేయడం మొదలైందని నాకు అప్పటికి తెలియదు. ఆదివారం పొద్దున్నే చాయ్ తాగుతుండగా ఫోనుకు సందేశం వచ్చింది: సరిపడా నిల్వ లేనందున చెల్లింపు తిరస్కరించబడింది. నా ఖాతా ఉన్న బ్యాంకు ఒక ఛార్జీ వేసింది, అప్పు ఇచ్చిన సంస్థ మరొకటి వేసింది. రెండూ కలిపి వెయ్యి దాటాయి. నాలుగు వేలు ఇంట్లోనే బీరువాలో ఉన్నాయి. అదే ఎక్కువ బాధ కలిగించింది.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. వాయిదాకు మాత్రమే వేరుగా ఒక సేవింగ్స్ ఖాతా పెట్టుకున్నాను. జీతం పడిన రోజే వాయిదా సొమ్ము ఆ ఖాతాలోకి మారుతుంది. దాని ఏటీఎం కార్డు ఇంట్లోంచి బయటికి రాదు, యూపీఐ జత చేయలేదు. రెండు వాయిదాల సొమ్ము అందులో ఎప్పుడూ నిలవ ఉంటుంది. తేదీ ముందు రోజు సాయంత్రానికే డబ్బు ఉండాలి, ఎందుకంటే కోత తెల్లవారకముందే కూడా పడవచ్చు. తేదీ ఎంచుకునే అవకాశం ఉంటే జీతం పడే రోజుకు నాలుగైదు రోజుల తర్వాతిది అడగండి.

ఒకవేళ తిరస్కరణ జరిగిందనుకోండి. మళ్లీ వాళ్లే కోసుకుంటారని చూస్తూ కూర్చోవద్దు. అదే రోజు అప్పు సంస్థ యాప్‌లోనో బ్రాంచిలోనో కట్టేసి రసీదు దాచుకోండి. రెండోసారి నాచ్ పంపవద్దని వారికి రాతలో చెప్పండి, లేకపోతే ఒకే నెలకు రెండుసార్లు డబ్బు పోయే ప్రమాదం ఉంది. చెక్కు చెల్లకపోతే కేసు ఉన్నట్టే, నాచ్ తిరస్కరణకూ 2007 నాటి చెల్లింపుల చట్టంలో 25వ సెక్షన్ ఉంది. ఒక్క నెలకే ఎవరూ అంతదాకా వెళ్లరు గానీ, చట్టం ఉందన్న ఎరుక ఉండాలి.

ఆలస్య రుసుము గురించి ఒక మాట. ఆలస్యానికి వేసే జరిమానాను వడ్డీ రేటుకు కలపకూడదు, ఆ జరిమానా మీద మళ్లీ వడ్డీ లెక్కించకూడదు. కొత్త అప్పులకు 2024 ఏప్రిల్ 1 నుంచి ఇది రిజర్వ్ బ్యాంకు నియమం. స్టేట్‌మెంటులో జరిమానా విడిగా కనిపిస్తోందా, వడ్డీలో కలిసిపోయిందా అన్నది చూడండి. ఆగిన వాయిదా మీద మామూలు వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. బాకీ 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయి కింద పడుతుంది. వసూలు మనుషులు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదు.

జీతం లేనివారి సంగతి

నర్సంపేట, పరకాల వైపు నుంచి అడిగేవారిలో చాలామంది పత్తి, మిర్చి రైతులు. వారికి నెల జీతం ఉండదు. పత్తి దసరా, దీపావళి తర్వాత చేతికొస్తుంది, మిర్చి ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లేది ఎండాకాలం మొదట్లో. జూన్ వచ్చేసరికి విత్తనాలు, ఎరువులు, పిల్లల ఫీజులు ఒక్కసారే మీద పడతాయి. ట్రాక్టరు అప్పుకు పంట చేతికొచ్చే నెలలను బట్టి వాయిదా పెట్టించుకోవచ్చు. కారు అప్పు మాత్రం సాధారణంగా నెలనెలా కట్టవలసిందే.

అందుకే పంట సొమ్ము వచ్చిన రోజే కనీసం ఏడెనిమిది వాయిదాలు వేరు ఖాతాలో వేసేయాలి. 12,601 చొప్పున ఎనిమిదికి 1,00,808. దాన్ని అప్పు సంస్థకు ఒకేసారి కట్టేయవద్దు. చెప్పకుండా ఎక్కువ కడితే అది చాలాసార్లు అదనపు జమగా అలాగే పడి ఉంటుంది, అసలు తగ్గదు, వడ్డీ కూడా తగ్గదు. అసలులో తగ్గించాలనుకుంటే "ఇది అసలుకు పాక్షిక చెల్లింపు" అని రాసి ఇచ్చి, కొత్త పట్టిక తీసుకోవాలి.

చిట్టి డబ్బుతో ఏం చేయాలి

వరంగల్‌లో చిట్టి లేని ఇల్లు తక్కువ. మా రైల్వే మిత్రుడు కూడా చిట్టి పాడుకున్నారు, లక్ష చేతికొచ్చింది. ఏడాది తర్వాత ఆ లక్షను అసలుకు కడితే 5,01,576 కాస్తా 4,01,576 అవుతుంది. అక్కడ బ్యాంకు ఒక ప్రశ్న అడుగుతుంది: వాయిదా తగ్గించాలా, నెలలు తగ్గించాలా?

వాయిదా తగ్గించమంటే నెలకు 10,089 అవుతుంది, 48 నెలలూ ఉంటాయి. ఆదా అయ్యే వడ్డీ దాదాపు 20,600. వాయిదా 12,601గానే ఉంచి నెలలు తగ్గించమంటే 48 కాస్తా 37 అవుతాయి, ఆ చివరిది కూడా పూర్తిది కాదు. ఆదా అయ్యే వడ్డీ 40,000 పైనే. అదే లక్ష, ఫలితం రెట్టింపు. నోరు తెరిచి అడగకపోతే చాలాచోట్ల వాయిదానే తగ్గిస్తారు. ఇంటి ఖర్చుకు నెలనెలా ఇబ్బంది లేనివారు నెలలు తగ్గించమనే అడగాలి.

ముందస్తు చెల్లింపు ఛార్జీ ఉందేమో ముందు చూసుకోండి. మారే వడ్డీ రేటు మీద సొంత అవసరానికి తీసుకున్న అప్పుకు బ్యాంకు ఆ ఛార్జీ వేయకూడదు. స్థిర రేటు అయితే ఒప్పందంలో ఉన్నట్టు వేస్తారు. 5 శాతం ఉన్నా లక్షకు 5,000, నలభై వేల ముందు అది చిన్నదే. చిట్టి పాడేటప్పుడు పోగొట్టుకున్న సొమ్మును కూడా ఈ లెక్కలో కలపాలి. ఇరవై వేలు తగ్గించి పాడితే సగం లాభం అక్కడే పోయినట్టు.

నాలుగో పాఠంలో ఆఖరి వాయిదా తర్వాతి పనులు చూద్దాం: నిరభ్యంతర పత్రం, ఫారం 35, ఆర్‌సీ మీద బ్యాంకు పేరు తీయించడం.

ఇంటిపని: 4,50,000 అప్పు, 10 శాతం వడ్డీ, 5 ఏళ్లు, వాయిదా 9,561. మొదటి మూడు నెలల వడ్డీ, అసలు, మిగిలిన అప్పు విడివిడిగా రాయండి. వడ్డీని ప్రతి నెలా దగ్గరి రూపాయికి సరిచేయండి. మూడో నెల చివర 4,32,422 రావాలి. రాకపోతే రెండో నెల వడ్డీ దగ్గర చూడండి, మొదటి నెల అసలునే మళ్లీ వాడి ఉంటారు.