డెల్టాలో పురావస్తు నాయికకు ఎపిసోడ్ రాయడం

పురావస్తు పరిశోధకురాలిని నాయికగా పెట్టి గోదావరి డెల్టాలో టీవీ సాహస ధారావాహిక రాయదలచినవారు నిధి కంటే ముందు నీటిని గురించి ఆలోచించాలి. ఆదుర్రు బౌద్ధ స్తూపం ఉన్న చోటును పోలిన కల్పిత దిబ్బను ఎంచుకుని, కథను కాలువలకు నీరు ఆపేసే ఎండాకాలంలో నడపాలి. ఎందుకంటే మిగతా కాలాల్లో కొద్ది అడుగులు తవ్వేసరికే ఊట నీరు చేరి గుంట గోడలు జారిపోతాయి. నాయిక ఇండియానా జోన్స్ సినిమాల్లోని హీరోలా కొరడా ఝుళిపించనక్కరలేదు (ఆ మోజు ఇప్పటికే పాతబడింది): ఒక పక్క డీజిల్ ఇంజనుతో నీరు తోడిస్తూనే, ఏ మట్టిపొరలో ఏ కుండపెంకు దొరికిందో బురద చేతులతో పుస్తకంలో రాసుకుంటున్నట్టు చూపితే ఉత్కంఠ దానంతటదే వస్తుంది. ప్రతినాయకుడిగా రాత్రివేళ పడవలో విగ్రహం దాటించే దొంగ సరిపోతాడు. బంగారం దొరికినట్టు రాస్తే మాత్రం, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయల విలువ మించిన నిక్షేపం సంగతి కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి కనుక, ఆమె దాన్ని సంచిలో వేసుకుని వెళ్లిపోకూడదు.