ఆరోగ్యశ్రీ డెస్కు దగ్గర "కుదరదు" అన్నారా? చిక్కు ఎక్కడుందో చూడండి

హైదరాబాద్‌లో రోగిని చేర్చాకే ఆరోగ్యశ్రీ డెస్కు వెతుక్కునేవారు ఎక్కువ. అక్కడ కాదన్నారంటే "మాకు అర్హత లేదేమో" అనుకుని మెడలో గొలుసు తాకట్టుకు పంపిస్తారు. తొందరపడకండి. నేను చూసిన కేసుల్లో చాలావరకు తంటా ఆదాయంతో రాదు, రేషన్ కార్డుతో వస్తుంది. ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయల వరకు వైద్యం (2023 డిసెంబరు నుంచి ఇదే పరిమితి) ఒక్క పేరు దగ్గర ఆగిపోతుంది.

సమస్య: కార్డు ఉంది, అందులో రోగి పేరు లేదు.

ఆరోగ్యశ్రీకి కుటుంబమంటే ఆహార భద్రత కార్డులో (రేషన్ కార్డు) ఉన్నవారే. కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోతుంది, పిల్లల పేర్లు బడిలో చేరినా కార్డులో చేరవు. ముషీరాబాద్‌లో ఒక మీసేవ క్యూలో ఏడో నెల గర్భిణిని చూశాను. పెళ్లయి నాలుగేళ్లు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రెండు ఇళ్ల కార్డుల జిరాక్సులు, ఆధార్, శుభలేఖ కూడా. పాపం, అన్నీ తెచ్చింది. ఒక్క పనే మిగిలింది, పుట్టింటి కార్డులో పేరు తీయించడం.

పరిష్కారం: ముందు పుట్టింటి కార్డులో తొలగింపు, అది పూర్తయ్యాక అత్తింటి కార్డులో చేర్పు. ఒకే ఆధార్ రెండు కార్డుల్లో ఉండదు కాబట్టి ఈ వరుస తప్పితే రెండో దరఖాస్తు తిరిగొస్తుంది. పిల్లలకు జనన ధ్రువపత్రం, ఆధార్ సిద్ధం చేసుకోండి. రసీదు నంబరు పారేయకండి.

సమస్య: పేరు ఉంది, కానీ ఆధార్‌తో కలవడం లేదు.

ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట వెనక. ఒకచోట లక్ష్మి, మరోచోట లక్ష్మమ్మ. ముందు ఆధార్ సరిగ్గా ఉందో చూసుకుని, దాని ప్రకారం కార్డు దిద్దించండి. రెండూ ఒకేసారి మార్చబోతే రెండూ తప్పుతాయి.

సమస్య: ఈ-కేవైసీ కావడం లేదు.

అంట్లు తోమే చేతులు, సున్నం కలిపే చేతులు. వేలిముద్ర అరిగిపోతే యంత్రం ఒప్పుకోదు. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, కంటిపాప కొత్తగా నమోదు చేయించి మళ్లీ రేషన్ దుకాణానికి వెళ్లండి. బియ్యం అక్కర్లేదని కార్డును అటక మీద పడేసినవారు కూడా ఈ పని చేయించుకోవాలి.

సమస్య: అసలు కార్డే లేదు.

ఇక్కడ లెక్క వేయాలి. పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షలు, గ్రామాల్లో లక్షన్నర దాటకూడదు. ఇంట్లో ఒక్కరే సంపాదిస్తూ నెలకు 16,000 తెస్తే 1,92,000, అర్హతే. 18,000 అయితే 2,16,000, గీత దాటినట్టే. అలాంటివారు జీతం చీటీలో ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కోత ఉందేమో చూసుకోండి. నెలకు 21,000 జీతం వరకు అది వర్తిస్తుంది, కుటుంబానికి సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. ఇంట్లో 70 ఏళ్లు నిండిన పెద్దలుంటే ఆదాయంతో సంబంధం లేకుండా కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు కింద 5 లక్షల వరకు వైద్యం ఉంది. అర్హత ఉండీ కార్డు లేనివారు మీసేవలో దరఖాస్తు చేయాలి.

సమస్య: కార్డు సరిగ్గానే ఉంది, అయినా డబ్బు కట్టమంటున్నారు.

జాబితాలోని చికిత్సలకే, అదీ పథకంలో చేరిన (నెట్‌వర్క్) ఆస్పత్రిలోనే పథకం వర్తిస్తుంది. మామూలు జ్వరానికి ఓపీ చీటీ దీనిలోకి రాదు. కొన్ని చికిత్సలు ప్రభుత్వ ఆస్పత్రులకే కేటాయించారు. అందుకే చేరేముందే డెస్కు దగ్గరుండే ఆరోగ్యమిత్రను "ఈ జబ్బుకు ఈ ఆస్పత్రిలో అనుమతి ఉందా?" అని సూటిగా అడగండి. అనుమతి వచ్చాక కూడా డబ్బు అడిగితే 104కు ఫోను చేయండి.

సమస్య: కార్డు సరిచేసేంత వ్యవధి లేదు.

ఉస్మానియా, గాంధీ, పిల్లలకు నీలోఫర్ ఉన్నాయి. కార్డు లేదని అక్కడ వెనక్కి పంపరు. నిమ్స్‌లో పెద్ద ఆపరేషన్ అయితే ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌వోసీ (ఖర్చు భరిస్తామని ఆస్పత్రికి ఇచ్చే హామీ పత్రం) అడగవచ్చు. దీనికి ఆస్పత్రి ఇచ్చే ఖర్చు అంచనా పత్రం కావాలి, ఆపరేషన్‌కు ముందే అడగాలి. ప్రైవేటులో డబ్బు కట్టేశాక అదే నిధికి దరఖాస్తు పెట్టాలంటే ఒరిజినల్ బిల్లులే అడుగుతారు. వాటిని మధ్యవర్తుల చేతికి ఇవ్వకండి.