పర్లాకిమిడి పాత కట్టడాలను చిన్నరైలు వెంట చూసే పద్ధతి

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడికి వచ్చేవారిలో చాలామంది రాజమందిరం ముందు దిగి, నాలుగు ఫోటోలు తీసుకుని వెనుదిరుగుతారు. ఈ ఊరి రూపం బోధపడాలంటే ముందు దాని రైలును తెలుసుకోవాలి. అందుచేత ప్రయాణాన్ని శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ జంక్షన్ నుంచి మొదలుపెట్టండి.

బయలుదేరే ముందు ఒక పురికొస చివర ముడి వేసి, అక్కడినుంచి 762 మిల్లీమీటర్ల దగ్గర రెండో ముడి, 1,676 దగ్గర మూడో ముడి వేసుకోండి. మొదటి కొలత, అంటే రెండున్నర అడుగులు, పాత చిన్నరైలు పట్టాల మధ్య ఎడం. రెండోది నేటి బ్రాడ్‌గేజ్‌ది. పురికొసను నేల మీద పరిచి మొదటి రెండు ముడుల మధ్య నిలబడితే, ఒక మనిషి రెండు కాళ్ళు చాచి నిలబడేపాటి ఆ సందు మీద వందేళ్ళకు పైగా బండి నడిచిందన్న సంగతి కళ్ళకు కడుతుంది.

నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా సుమారు 40 కిలోమీటర్ల ఈ మార్గాన్ని రాజా గౌరచంద్ర గజపతి దాదాపు 7 లక్షల రూపాయలతో వేయించగా, 1900 ఏప్రిల్ 1న రాకపోకలు మొదలయ్యాయి. 1929-31 మధ్య అది గుణుపూర్ వరకు సాగింది. 2004లో చిన్నరైలు ఆగిపోయి, తర్వాత బ్రాడ్‌గేజ్ వచ్చింది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం దాటాక రాష్ట్రం మారుతుంది. ఆ సరిహద్దు 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు వచ్చింది, రైలు అంతకు 36 ఏళ్ళు పెద్దది. మహేంద్రతనయ నదికి రెండు వైపులా మన బంధుత్వాలు ఇంకా అల్లుకుని ఉన్నాయంటే అందులో ఈ రైలుకూ వాటా ఉంది.

ఊళ్ళో ముందుగా రాజమందిరానికి వెళ్ళి, అనుమతి అడిగి, తొందరపడకుండా చూడండి. దీనికి నమూనా గీసిన రాబర్ట్ చిషోల్మ్ మద్రాసులో సెనేట్ హౌస్‌ను రూపొందించినవారే. ముందు దూరం నుంచి కమానుల వరసను చూసి, ఆపైన దగ్గరకు వెళ్ళండి. పాత గోడల మీద పూత రాలినచోట ఇటుకల మధ్య డంగు సున్నం, అందులోని ఇసుక రేణువులు కనిపిస్తాయి; ఆ చోటును గోటితో గీకకండి, ఒక్కసారి ఊడిన సున్నం మళ్ళీ అతుక్కోదు.

తర్వాత ఊరి బడుల వైపు నడవండి. 1880లో ఇక్కడ ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి, ఈ కొండల సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు సమకూర్చారు. వాడుక తెలుగు కోసం వాదించినదీ ఇక్కడే ఉంటూ. పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన 1936లోనే ఆయన రాజమండ్రికి వెళ్ళిపోయారు. నా మటుకు, రాజమందిరం కన్నా ఈ వీధుల్లోనే ఎక్కువసేపు గడపాలనిపిస్తుంది.

అరుగుల మీద కూర్చున్న పెద్దలను "తాతగారూ, చిన్నరైలు ఎక్కడ ఆగేదండీ?" అని అడిగి, వారు చూపిన చోటును, ఆనాటి తేదీని అక్కడికక్కడే రాసుకోండి. ఫోటో తీసేటప్పుడు పురికొసను గోడకు ఆనించి, మూడు ముడులూ కనపడేలా పెట్టండి. రేపు ఆ గోడ కూలినా దాని కొలత మీ దగ్గర ఉంటుంది.