ఇంజిన్ ఆయిల్‌లో పెట్రోల్ కలుస్తోందా? ఎలా తేల్చుకోవాలి?

కారు తిరుగుతున్నకొద్దీ ఇంజిన్ ఆయిల్ కాస్త తగ్గాలి, లేదా ఉన్నంత ఉండాలి. పోయకుండానే పెరిగిందంటే అందులోకి ఇంకేదో చేరుతోంది. పెట్రోల్ బండిలో అది చాలాసార్లు పెట్రోలే. దాంతో ఆయిల్ పలచబడి, బేరింగుల దగ్గర నిలవాల్సిన పొర నిలవక అరుగుదల మొదలవుతుంది.

అలాగని ఆయిల్‌లో పెట్రోల్ వాసన రాగానే ఇంజిన్ విప్పించకండి. చల్లటి ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువే అందుతుంది. అందులో కొంత పిస్టన్ రింగుల పక్క నుంచి కింద ఉన్న ఆయిల్‌లోకి జారుతుంది, ఇంజిన్ బాగా కాగాక ఆవిరైపోతుంది. మనం తేల్చాల్సింది ఒక్కటే: ఇది బండి వాడే తీరు వల్లా, లోపం వల్లా?

ముందు ఆయిల్ గేజు

బండిని ఎత్తుపల్లాలు లేని చోట పెట్టి, ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగండి. గేజు (ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ, డిప్‌స్టిక్) తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. ఆయిల్ ఎక్కడిదాకా ఉందో ఫోటో తీసి, మీటరు మీది కిలోమీటర్లు రాసుకోండి. ఒక్కసారి చూసి నిర్ణయానికి రావద్దు. కిందటి సర్వీసులోనే మ్యాక్స్ గీత దాటించి పోసి ఉండొచ్చు, అది మన దగ్గర మామూలే. వారం తర్వాత అదే చోట, అదే పద్ధతిలో మళ్లీ చూడండి.

గేజు కొసన ఉన్న చుక్కను వాసన చూడండి, వేళ్ల మధ్య రుద్దండి. పెట్రోల్ ఘాటు తగిలి, జిగురు లేకుండా జారిపోతుంటే అనుమానం బలపడుతుంది. ఆయిల్ నల్లగా ఉండటం మాత్రం దీనికి గుర్తు కాదు. ఆయిల్ పోసే మూత కింద తెల్లటి మీగడలాంటిది కనిపిస్తే అది నీళ్ల సంగతి. గేజుకు లైటర్ పెట్టి చూడమనేవాళ్లు కొందరు ఉంటారు, ఆ పని అస్సలు చేయకండి.

ఇంకో చిన్న పరీక్ష: బ్లాటింగ్ పేపర్ మీద ఈ ఆయిల్ ఒక చుక్క, పక్కనే కొత్త ఆయిల్ ఒక చుక్క వేసి రాత్రంతా ఉంచండి. పాత చుక్క చుట్టూ లేత రంగు వలయం బాగా వెడల్పుగా పాకితే పెట్రోల్ ఉండొచ్చు. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు.

హైవే పరీక్ష

రోజూ రెండు కిలోమీటర్లు వెళ్లి రావడమే బండి పని అయితే ఇంజిన్ ఎప్పుడూ సరిగ్గా కాగదు. ఒక ఆదివారం హైవే మీద గంటసేపు ఆపకుండా నడిపి, చల్లారాక గేజు చూడండి. ఆయిల్ దిగి, వాసన తగ్గితే పెద్ద టెన్షన్ అక్కర్లేదు, అప్పుడప్పుడూ దూరం తిప్పితే చాలు. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే) టర్బో ఇంజిన్లలో ఇలా ఆయిల్‌లో పెట్రోల్ కలవడం ఎక్కువ. 2018లో చైనాలో హోండా 1.5 లీటర్ టర్బో కార్ల మీద వచ్చిన గొడవ ఇదే, చలి ప్రాంతాల్లో ఆయిల్ పెరిగిపోయింది.

ఆయిల్ మ్యాక్స్ గీతకు బాగా పైన ఉన్నా, ఆయిల్ లైటు వెలిగినా ఈ పరీక్ష వద్దు. బండిని టోయింగ్‌లో పంపండి.

తగ్గకపోతే మెకానిక్ దగ్గరికి

ముందు మిస్సింగ్ (ఏదో ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడం) ఉందేమో చూడమనండి. ప్లగ్గో కాయిలో పనిచేయని సిలిండర్‌లో పెట్రోల్ మండకుండా కిందికి దిగుతుంది. తర్వాత ఇంజిన్ కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించండి. పీ0172 కోడ్ వచ్చినా, ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజిన్ కంప్యూటర్ పెట్రోల్‌ను పెంచే, తగ్గించే సర్దుబాటు) బాగా మైనస్‌లో ఉన్నా మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువైందని అర్థం. ఇక్కడో తిరకాసుంది: ఆయిల్‌లోని పెట్రోల్ ఆవిరే పీసీవీ గొట్టం (ఇంజిన్ అడుగున చేరే ఆవిర్లను మళ్లీ లోపలికి పంపేది) ద్వారా ఇంజిన్‌లోకి వెళ్లి అలా చూపించొచ్చు. అందుకే ఆయిల్ మార్చాక మరోసారి రీడింగ్ తీయాలి.

బండి చాలాసేపు నడిచాక కూడా స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత తక్కువే చూపిస్తుంటే సెన్సరో, తెరుచుకుని ఇరుక్కున్న థర్మోస్టాటో (కూలెంట్‌ను రేడియేటర్‌కి వదిలే వాల్వు) కారణం కావొచ్చు. ఇంజిన్ ఆపాక ఫ్యూయల్ ప్రెషర్ గబగబా పడిపోతే ఇంజెక్టర్ కారుతుందేమో చూడాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లలో హై ప్రెషర్ పంపు సీలునూ, పాత కార్బురేటర్ బండ్లలో మెకానికల్ పంపు డయాఫ్రమ్‌నూ (పంపులోని పలచటి పొర) వదలొద్దు. డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ నేరుగా ఆయిల్‌లోకే కారుతుంది.

ఖరీదైన రిపేరు చెబితే, సరే అనే ముందు ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపడం మంచిది. పెట్రోల్ ఎంత శాతం ఉందో వాళ్లు చెబుతారు. సాధారణంగా 2 శాతం దాటితే కనిపెట్టుకుని ఉండాలి, 5 శాతం అంటే వెంటనే ఆయిల్ మార్చాలి.

లోపం సరిచేశాకే కొత్త ఆయిల్, ఫిల్టర్ వేయించండి. పలచబడింది కదా అని చిక్కటి గ్రేడ్ పోయించడం మందు కాదు, కంపెనీ చెప్పిన గ్రేడే పోయించి, 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ గేజు చూడండి.